మేమే అంటించిన మంట, మస్తానమ్మ మేకలు

ఇందులో ఒక పర్వతం ఉంది. ఆ పర్వతానికి నిప్పంటుకుంటుంది. ఆ నిప్పుకు ఎదురుగా ఒక స్త్రీ నిలబడుతుంది. ఆమె వెనక మూగజీవాలు, ముందు ప్రభుత్వాధికారం, ఇద్దరి మధ్యా ధర్మసంకటంలో చిక్కుకున్న ఒక యువకుడు. కాండలు కాండలుగా రాయదగ్గ ఇతిహాసం.

ఇంతవరకూ రాసి, కాఫీ తాగి వచ్చి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. పర్వతం అంటే ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య ఉన్న గుట్టల్లో ఒకటి. బస్సులో చిన్న కునుకు పడితే దాటిపోతుంది. మూగజీవాలంటే మేకలు. అవి మూగవని చెప్పినవాడు మేకల దొడ్డి పక్కన ఒక్క పూట కూడా గడిపి ఉండడు. ప్రభుత్వాధికారం అంటే మా రేంజరు గారు. యువకుడు అంటే నేను. ఆ రోజుల్లో ధర్మసంకటం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది డిపార్టుమెంటు వాళ్లిచ్చిన బూట్లు.

కాబట్టి ఇది ఇతిహాసం కాదు. ఫారెస్టు గార్డుగా చేరి, అదే అడవుల చుట్టూ తిరిగి, ఫారెస్టరుగా రిటైరైన మనిషి, ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లల కోసం రాస్తున్న నాలుగు ముక్కలు. కొండ పేరు, ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. రేంజరు గారి పిల్లల్లో ఇద్దరు లాయర్లు.

ఉద్యోగం అంటే

గార్డు అంటే అడవిని కాపాడేవాడని మీకు ట్రైనింగులో చెప్పి ఉంటారు. మాకూ చెప్పారు. నిజానికి మా పక్క అడవంటే కంపచెట్లు, బండరాళ్లు, వాటి మధ్య మనిషి నడుమెత్తు బోదగడ్డి. పులి లేదు, జలపాతం లేదు. ఎండాకాలం వస్తే ఆ గడ్డి ఎండి, ఎవరైనా కాస్త కోపంగా చూస్తే చాలు అంటుకునేలా తయారవుతుంది. అప్పుడు గార్డు పని మొదలవుతుంది.

మంట కనపడితే పక్క ఊళ్లో దండోరా వేయించాలి. అడవిలో పశువుల్ని మేపుకోవడానికి, కట్టెలు తెచ్చుకోవడానికి పర్మిట్టున్న ప్రతి ఇంటి నుంచీ మనిషి రావాలి. అది చట్టం. రాకపోతే పర్మిట్టు పోతుంది. వచ్చినవాళ్లు పచ్చి కొమ్మలు విరుచుకుని, వరసగా నిలబడి, మంటను బాదాలి. నీళ్లు ఉండవు. తాగడానికే ఉండవు, ఆర్పడానికి ఎక్కడివి?

ఇక్కడే మీకు మొదటి చిక్కు. చట్టం రమ్మంటుంది కాబట్టి మనిషి వస్తాడు. కాలితే కాలేది వాడి చెయ్యి. ఆరితే మెచ్చుకోలు రేంజరుకు. ఇది న్యాయమా అని నేను ఒక రేంజరును అడిగాను. ఆయన మంచి మనసున్నవాడు. నిజమేనని ఒప్పుకుని, ఆ ఎండాకాలం నుంచి మంట ఆర్పినవాళ్లకు వరన్నం, వేటమాంసం కూర పెట్టించడం మొదలుపెట్టాడు. అది కరువు రోజుల సంగతి. సజ్జ సంగటి తిని తిని నోరు చచ్చిన ఊళ్లు. ఆ ఏడు మా బీటులో, అంటే నా కాపలా కింద ఉన్న అడవిలో, అంటుకోని గుట్ట లేదు. మరుసటి ఏడు ఆయన మాంసం తీసేసి ఉప్మా పెట్టించాడు. అడవి ఒక్కసారిగా శాంతించింది. నేరం రుజువు కాలేదు. ఎవరూ రుజువు చేయడానికి ప్రయత్నించలేదు కూడా, ఎందుకంటే ఆ కూర మేమూ తిన్నాం.

మంచి చేయొద్దని నేను చెప్పడం లేదు. చేసేటప్పుడు కూర సంగతి కాస్త ఆలోచించమంటున్నాను.

రేంజరు గారు, సుబాబుల్

ఆయన బదిలీ అయ్యాక, ఎనభైల మొదట్లో, కొత్త రేంజరు గారు వచ్చారు. ఎప్పుడూ టెర్లిన్ ప్యాంటు, ఇస్త్రీ మడత. అచ్చు పుస్తకంలా మాట్లాడేవారు. ఆయనకు సుబాబుల్ చెట్టంటే ప్రాణం. అది అప్పట్లో కొత్తగా వచ్చిన చెట్టు. త్వరగా పెరుగుతుంది, కట్టె అవుతుంది, ఆకు మేతవుతుంది, ఇక దేశంలో కష్టాలే ఉండవని చెప్పేవారు. ఒక గుట్ట వాలున పెద్ద ప్లాంటేషను వేయించి, మొక్కలకంటే ముందే బోర్డు పాతించారు. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు: సుబాబుల్ తోట, పశువులకు, మేకలకు ప్రవేశం లేదు.

ఆకు మేతవుతుందని రేంజరు గారు చెప్పింది నిజమే. మేకలు ఆ సంగతి ఆయనకంటే ముందే కనిపెట్టాయి. వానలు లేక కొన్ని మొక్కలు ఎండాయి. మిగిలినవాటి రుచి మస్తానమ్మ మేకలు చూశాయి. ఆ తర్వాత అలవాటు కొద్దీ లోపలున్న గడ్డి కూడా వేర్ల దాకా కొరికేశాయి. కంచె ఉంది. కానీ కంచె కట్టిన కాంట్రాక్టరుకు మేకలంటే ఏంటో తెలియదు.

మస్తానమ్మకు అప్పట్లో నలభై దాటి ఉంటాయి. మొగుడు పోయాడు. సెంటు భూమి లేదు. ఉన్నదల్లా మేకలు, అడవిలో మేపుకునే పర్మిట్టు. రిజర్వు గీతకు అవతల, అంటే మా పరిధి కాని చోట, ముళ్లకంపతో దొడ్డి కట్టుకుంది. నన్ను 'అబ్బయ్యా' అనేది. నేనెప్పుడైనా గట్టిగా మాట్లాడితే, "బూట్లు కరస్తా ఉండాయా అబ్బయ్యా, ఇంత కోపంగా ఉండావు?" అని అడిగేది. కరుస్తూనే ఉండేవి.

ఆ ఏడు ఎండాకాలంలో నెల్లూరు నుంచి డి.ఎఫ్.ఓ. గారు, అంటే జిల్లా అడవులన్నిటికీ పెద్ద, ప్లాంటేషను చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. రేంజరు గారు ఇస్త్రీ మడత నలిగిన సంగతి కూడా గమనించకుండా ఆ సాయంత్రమంతా బోర్డు చుట్టూ తిరిగారు.

మంట ఎలా పుట్టింది

అడవిలో మంటలు పాకకుండా 'ఫైర్ లైను' అని ఒకటుంటుంది. గడ్డి కోసి, మిగిలిన మోళ్లు కాల్చి, నేలను బోడిగా ఉంచే బాట. మంట వస్తే అక్కడికి వచ్చి ఆగాలి. దీన్ని చలికాలంలో, మంచు తడి ఉండగా కాల్చాలి. కానీ డబ్బులు శాంక్షనయ్యేది మార్చి ఆఖర్లో. అందుకని అడవికి నిప్పు రాకుండా చేసే పనిని అడవి బాగా ఎండాక నిప్పుతో చేసేవాళ్లం.

డి.ఎఫ్.ఓ. గారు రావడానికి ముందు రోజు పొద్దున్నే మా వాచరు ఖాదర్ భాయ్, నేను, రేంజరు గారు లైను కాల్చడానికి వెళ్లాం. ఖాదర్ భాయ్ నాకంటే చాలా పెద్దవాడు. ఉదయగిరిలో వాళ్లన్నదమ్ములు చెక్క గరిటెలు చెక్కుతారు. ఈయనకు ఆ పని ఓపిక లేక అడవిలో చేరాడు.

"అగ్గిపెట్టె ఉండాదా గార్డ్ సాబ్?" అన్నాడు.

ఇచ్చాను. బిస్మిల్లా అని అంటించాడు. అంటుకుంది. అక్కడిదాకా అంతా రూలు ప్రకారమే. తర్వాత గాలి తిరిగింది. గాలికి రూల్సు పంపించడం మా ఆఫీసు మర్చిపోయింది.

మంట లైను దాటి గడ్డిలోకి దూకిన క్షణాన రేంజరు గారన్న మొదటి మాట నాకిప్పటికీ గుర్తు: "ఇది మనం పెట్టిన మంట కాదు."

మంట ఇంకా మోకాలెత్తు లేవలేదు. అప్పటికే అనాథ అయిపోయింది.

"మరి ఎవురు పెట్టినట్టు సార్?" అన్నాడు ఖాదర్ భాయ్, ఆరిపోయిన అగ్గిపుల్ల ఇంకా చేతిలోనే పట్టుకుని.

రేంజరు గారు చుట్టూ చూశారు. వాలు కింద మస్తానమ్మ దొడ్డి కనపడింది. "మేకలవాళ్లు. పచ్చగడ్డి మొలుస్తుందని కాలుస్తారు. తెలిసిన విషయమే," అన్నారు.

మేకలవాళ్లు కాలుస్తారన్నది నిజమే. ఎక్కడైనా, ఎప్పుడైనా. అందుకే ఆ అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. మంట వాలు కిందికి పోతోంది, నేను దండోరాకు పరిగెత్తాను.

ఏది ముందు?

ఊరివాళ్లు వచ్చారు. ముందు నిలబడ్డవాడు పెంచలయ్య. వాడిది మెట్ట సేద్యం, దాని కంటే మీసం పెద్దది. రాగానే అడిగిన మాట: "ఏందబ్బా, కూరా ఉప్మానా?"

"ఉప్మా," అన్నాను.

"అయితే నిదానంగా ఆర్పుదాం," అని కొమ్మ విరుచుకున్నాడు.

నిదానానికి వీల్లేకపోయింది. మంట రెండు పాయలైంది. ఎడమ పాయ ప్లాంటేషను వైపు, కుడి పాయ మస్తానమ్మ దొడ్డి వైపు. వచ్చిన మనుషులు రెంటికీ చాలరు. ఏదో ఒక వైపు నిలబడాలి. చట్టం స్పష్టంగా చెబుతుంది: ప్రభుత్వ ఆస్తి ముందు. దొడ్డి మా పరిధిలోనే లేదు.

నేను రేంజరు గారి వైపు చూశాను. ఆయన కళ్లలో నేనెప్పుడూ చూడని కరుణ కనపడింది.

"మేకలు ముందు!" అన్నారు. "మొక్కల్ని మళ్లీ నాటుకోవచ్చు. ప్రాణం పోతే తేలేం. అందరూ దొడ్డి వైపు పదండి!"

ఎంత గొప్ప మాట! నా సర్వీసులో ఒక అధికారి నోట ఇంత ధర్మమైన మాట మళ్లీ వినలేదు. తోట కాలిపోతే అందులో మొక్కలు లేవన్న సంగతి కూడా కాలిపోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చేయమన్నది సరైన పని. చేయమన్న కారణం మాత్రం చెప్పుకోలేనిది. ఇలాంటప్పుడు ఆ మాట వినాలా వద్దా అని మీరడిగితే, వినండి. మనసులు శుభ్రపడేదాకా ఆగితే దొడ్డి కాలుతుంది.

అయితే మస్తానమ్మ మా దారికి అడ్డంగా నిలబడింది.

"ఈడికి రావొద్దు! పొయ్యి మీ మొక్కల కాడ కొట్టండి!"

"ఏమ్మా, నీ మేకల కోసమే కదా వస్తున్నాం!" అన్నారు రేంజరు గారు.

"నా మేకలు పోతే మేకలే పోతాయి సామీ. మీ మొక్కలు పోతే నేను పోతాను. రేపు పొద్దన్నే మస్తానమ్మే తగలబెట్టిందని రాసుకుంటారు. పర్మిట్టు పీకుతారు. పోండి ఆ పక్కకి!"

రేంజరు గారు తన మనసులో మాట బయట పడ్డట్టు ఉలిక్కిపడ్డారు.

"ప్రాణం ముందమ్మా!"

"పర్మిట్టు ముందు సామీ!"

ఒక పక్క సర్కారు మేకల్ని కాపాడతానంటుంది. మేకల మనిషి సర్కారు మొక్కల్ని కాపాడమంటుంది. మధ్యలో పెంచలయ్య కొమ్మ భుజాన వేసుకుని, "ఇద్దురూ ఒక మాట అనుకోండబ్బా, ఈ లోపల నేను చుట్ట కాల్చుకుంటా," అన్నాడు. మంట అంత దూరంలో ఉండగా చుట్ట వెలిగించడానికి అగ్గిపెట్టె కోసం వెతికాడు. అలవాటు.

ఆఖరికి రెంటికీ పోయాం. సగం మంది అటు, సగం మంది ఇటు. రెండు చోట్లా మనుషులు చాలలేదు. ఒప్పందాలంటే అంతే. నేను దొడ్డి దగ్గర నిలబడ్డాను. పొగలో కళ్లు కనపడవు. కొమ్మతో కొడితే ఒక చోట ఆరి ఇంకో చోట లేస్తుంది. రేంజరు గారి టెర్లిన్ ప్యాంటు మీద రవ్వ పడి, ఇస్త్రీ మడత వెంబడే బొబ్బలు బొబ్బలుగా కరిగిపోయింది. పెంచలయ్య మీసం ఒక వైపు పోయింది.

"మీ గవర్నమెంటు గడ్డి కోసరం నా మీసం పోవాల్నా?" అని వాడు అరిచిన అరుపు నా బుర్రలో చాలా ఏళ్లు ఉండిపోయింది. జవాబుగా తడిగుడ్డ ఇచ్చాను.

దొడ్డి కంచె నిలిచింది. లోపల చూస్తే మేకలు లేవు. గేటు కంప తొక్కుకుని ఎప్పుడో వెళ్లిపోయాయి. మస్తానమ్మ ఆ ఖాళీ దొడ్డిని చూసి నేల మీద కూలబడింది. అప్పటిదాకా మా అందరికంటే గట్టిగా అరిచిన మనిషి గొంతు ఎత్తకుండా, "యాడికి పోయినాయి అబ్బయ్యా?" అని అడిగింది. నాకు హాస్యం తోచని సందర్భాలు నా సర్వీసులో కొన్నే. అది ఒకటి.

ఇంతలో ఎడమ పక్క నుంచి ఖాదర్ భాయ్ కేక: "అమ్మా! మీ బక్రీలు ఈడ ఉండాయి!"

బోర్డు కింద

పరిగెత్తి వెళ్లి చూశాం. మేకలన్నీ ప్లాంటేషను మధ్యలో ఉన్నాయి. మంట చుట్టూ వచ్చి, తోట అంచున నిలబడి, లోపలికి రావడానికి ఒక్క గడ్డిపరక కూడా దొరక్క, అక్కడికక్కడే ఆరిపోయింది. అడవి మొత్తంలో కాలడానికి ఏమీ లేని చోటు అదొక్కటే. దాన్ని అలా తయారు చేసింది ఆ మేకలే. 'మేకలకు ప్రవేశం లేదు' అన్న బోర్డుకు ఒక పెద్ద పోతు ఒళ్లు రుద్దుకుంటోంది.

మస్తానమ్మ ఏడ్చింది, నవ్వింది, తర్వాత బోర్డు చూసి భయపడింది. అదే వరసలో.

రేంజరు గారు మాత్రం చెక్కుచెదరని తన ప్లాంటేషన్ని చూసి అక్కడే ఒక రాయి మీద కూర్చున్నారు. తోట నిలిచినందుకు అంత దుఃఖపడ్డ అధికారిని నేను మళ్లీ చూడలేదు.

విచారణ

మర్నాడు పొద్దున డి.ఎఫ్.ఓ. గారి జీపు వచ్చింది. ఆయన సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. నల్లబడ్డ వాలు చూసి, "ఎవరు పెట్టారు?" అన్నారు.

"ఈ మేకలావిడే సార్," అన్నారు రేంజరు గారు. "కేసు రాస్తున్నాం. పర్మిట్టు రద్దుకు కూడా..."

మస్తానమ్మ అక్కడే ఉంది. ఉండమని నేనే చెప్పాను. ఆమె చేతులు కట్టుకుని ముందుకు వచ్చింది.

"అవును సామీ, నేనే పెట్టినానని రాసుకోండి. రాసేటప్పుడు ఎట్ట పెట్టినానో కూడా రాయండి. మీ గీత మీద గడ్డి కాల్చేదానికి పెట్టినాను. మీ రేంజరు దొర పక్కన నిలబడి చూస్తా ఉంటే, మీ ఖాదరు చేత్తో పెట్టినాను. నేను దొడ్డి కాడి నించి చూస్తానే పెట్టినాను."

ఖాదర్ భాయ్ ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. డి.ఎఫ్.ఓ. గారు నా వైపు తిరిగారు. "ఏంటయ్యా, నిజమేనా?"

నాకప్పటికి పెళ్లై ఏడాది. రేంజరు గారు తలుచుకుంటే నన్ను మంచినీళ్లు కూడా దొరకని బీటుకు వేయగలరు. గంభీరంగా ఏదైనా చెప్పాలని గొంతు సవరించుకున్నాను.

"అగ్గిపెట్టె నాది సార్," అన్నాను.

డి.ఎఫ్.ఓ. గారు నవ్వలేదు. కానీ రుమాలు తీసి మూతి తుడుచుకోవడానికి చాలా సేపు పట్టింది.

రేంజరు గారు ఊరుకోలేదు. "సార్, మంట సంగతి ఎలా ఉన్నా, ఈమె మేకలు ప్లాంటేషన్లో మేశాయి. దానికైనా కేసు రాయాలి."

"ఏ ప్లాంటేషను?" అన్నారు డి.ఎఫ్.ఓ. గారు.

రేంజరు గారు బోర్డు చూపించారు.

"బోర్డు బాగుంది," అన్నారాయన. "మేకలు మొక్కలు తిన్నాయని రాస్తే మొక్కలు లేవని రాసినట్టే. మొక్కలు ఉన్నాయని రాస్తే మేకలు ఏమీ తినలేదని రాసినట్టే. ఏది రాస్తారో చెప్పండి, సంతకం చేస్తాను."

రేంజరు గారు ఏదీ రాయలేదు. మస్తానమ్మ పర్మిట్టు నిలిచింది. డి.ఎఫ్.ఓ. గారు జీపెక్కబోతూ మరో మాట అన్నారు: ఇకనుంచి చలికాలంలో ఫైర్ లైను మీద ఆ మేకల్నే మేపించండి, కాల్చే పనే ఉండదు. మస్తానమ్మ అది విని, "అప్పుడు మాకు ఉప్మా పెడతారా సామీ?" అని అడిగింది.

ఆ తర్వాత నేను ఎన్నో మంటలు చూశాను. వాటి కింద 'గుర్తు తెలియని వ్యక్తులు' అని చాలాసార్లు రాశాం. ఆ వ్యక్తుల్లో మేకలవాళ్లున్నారు, తేనె తీసేవాళ్లున్నారు, బీడీ పారేసినవాళ్లున్నారు, చేతిలో ప్రభుత్వ ఉత్తర్వు పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మంటకు కారణం వెతికేటప్పుడు అందరికంటే బీదగా కనపడ్డవాళ్ల దగ్గర మొదలుపెట్టకండి. ముందు మీ జేబు తడుముకోండి. ఇదేమీ గొప్ప నీతి కాదు, టైము కలిసొస్తుంది. ఇంకొకటి: మంటలోకి టెర్లిన్ వేసుకుని వెళ్లకండి.

డి.ఎఫ్.ఓ. గారు వెళ్లిపోయాక అందరం ఉప్మా తిన్నాం. మేకలు మేతకు పోయాయి. మధ్యాహ్నానికి మస్తానమ్మ దొడ్డి కాలిపోయింది, కంచెతో సహా.

ఈసారి ఎవరూ పెట్టలేదు. ముందు రోజు పడ్డ రవ్వ ఒకటి దొడ్డిలోని పెంటికల కుప్పలో దూరి, లోలోపల రాజుకుంటూ ఉండి, గాలి లేచాక బయటపడింది. ఆమె వచ్చి చూసి, "నిన్నంతా ఎందుకు కొట్టినాం అబ్బయ్యా ఇది?" అంది. కొత్త దొడ్డికి కంప కొట్టుకోవడానికి గుట్ట మీదికి పోయింది. నేనూ, సగం మీసంతో పెంచలయ్యా వెనకే వెళ్లాం.

ఎండిన మేక పెంటికల్లో నిప్పు పైకి కనపడదు, పొగ కూడా పెద్దగా రాదు. పారతో అడుగుదాకా తిరగేసి నీళ్లు చల్లాలి. రెండు బిందెలు చాలు.